ఆరు గేర్లు, పదకొండు బస్తాలు

ఓబులేసుకు ఉస్తాద్ మీద కోపం వచ్చి మూడేళ్ళయింది. ఒక్కనాడూ బయటపడలేదు కాబట్టి ఆ కోపం లోపల్లోపలే ముదిరింది.

చింతలకనుమ ఘాటు మొదలయ్యే చోట రోడ్డుకు ఎడంపక్క ఉండే రేకుల షెడ్డు దస్తగిరి ఉస్తాద్‌ది. ఆయన గేర్‌బాక్సు తప్ప ఇంకో పని ముట్టుకోడు. ఇంజన్ చెడిందంటే పక్క షెడ్డు చూపిస్తాడు. ఘాటు ఎక్కి దిగే బండ్లలో ఎప్పుడో ఒకసారి ఆయన చేతిలో పడనిది లేదు. డెబ్బై ఏళ్ళ మనిషి. పని చేసేటప్పుడు నాలుగు బోల్టులు పెదాల మధ్య పట్టుకోవడం ఆయన అలవాటు. అందువల్ల సగం జీవితం మాట్లాడే వీలే లేకుండా గడిచింది. మిగతా సగంలో కూడా ఆయన పెద్దగా మాట్లాడింది లేదు.

ఓబులేసు ఆయన దగ్గర చేరి తొమ్మిదేళ్ళు. కళ్ళు మూసుకుని గేర్‌బాక్సు బిగించగలడని మా వైపు డ్రైవర్లు చెప్పుకుంటారు. అది ఉత్త పొగడ్త కాదు. టౌనులో తన పేరు మీద షాపు పెట్టుకోవాలని అతని కోరిక. బస్టాండు వెనక ఒక గది కూడా చూసి పెట్టుకున్నాడు. కానీ ఘాటు కింద షెడ్లలో ఒక కట్టుబాటు ఉంది. ఉస్తాద్ నోటితో “ఇంక పో” అనకుండా శిష్యుడు సొంత షాపు తెరవకూడదు. తెరిచినా బండ్లు రావు. “ఉస్తాద్ పంపినాడా, నువ్వే వచ్చినావా?” అని డ్రైవర్లు మొహం మీదే అడుగుతారు.

మూడేళ్ళ కిందట ఓబులేసు ఒకసారి తెగించి అడిగాడు.

“ఉస్తాద్, నేను పోదునా?”

ఉస్తాద్ పెదాల మధ్య నుంచి బోల్టులు తీశాడు. “ఇంకొంచెం ఆగు.”

“నాకు తెలియనిది ఇంకేముండాది?”

ఆయన ఒక్క క్షణం ఓబులేసు వైపు చూసి, బోల్టులు మళ్ళీ పెదాల మధ్య పెట్టుకున్నాడు. ఆ ప్రశ్నకు జవాబు మూడేళ్ళయినా రాలేదు. తొమ్మిదేళ్ళు గ్రీజులో మునిగిన మనిషికి ఇది ఎంత కష్టంగా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

అలాంటి రోజుల్లో గంగులప్ప జీపు వచ్చింది.

గంగులప్పది ఘాటు పైన ఉండే పైపల్లె. ఆ ఊరికి బస్సు లేదు. అతని జీపే బస్సు. సోమవారం సంతకు ఊళ్ళోవాళ్ళను పొద్దున కిందికి దింపి, సరుకులతో సహా మధ్యాహ్నం పైకి చేరుస్తాడు. లోపల పన్నెండు మంది పడతారు. నాలుగు గేర్ల పాత జీపు. తొమ్మిది మలుపుల ఘాటు మారు మాట్లాడకుండా ఎక్కేస్తుంది గానీ, కింద చదును రోడ్డు మీద అరవై దాటితే దాని అరుపు అవతలి ఊరికి వినపడుతుంది.

“లీటరుకు పదకొండు కిలోమీటర్లు కూడా రాల్యా,” అన్నాడు గంగులప్ప. “డీజిల్ పోసే చెయ్యి పడిపోతాంది. ఏమన్నా దారి ఉందా దస్తగిరన్నా?”

ఉస్తాద్ ఏదో అనబోయేలోపే ఓబులేసు అందుకున్నాడు.

“దానికి నాలుగే గేర్లు గదన్నా. అందుకే ఆ అరుపు. ఇప్పుడు బండ్లకు ఆరు గేర్లు, ఎనిమిది గేర్లు. పది గేర్ల బండ్లు కూడా వచ్చినాయి. పైగేరు ఎంత పైనుంటే ఇంజన్ అంత నెమ్మదిగా తిరుగుతాది. ఇంజన్ నెమ్మదిస్తే డీజిల్ మిగుల్తాది.”

“నా జీపుకు పది గేర్లు ఏడనుంచి వస్తాయి?”

“పది వద్దు, ఆరు చాలు. బైపాస్ దగ్గర పాత సామాన్ల అంగట్లో యాక్సిడెంటయిన పెద్ద కారొకటి పడి ఉండాది. ముందంతా నుజ్జయింది గానీ దాని ఆరు గేర్ల బాక్సు గాజులాగ ఉంది. మధ్యలో ఒక ప్లేటు లేత్ మీద చేయిస్తే నీ ఇంజన్‌కు కూర్చుంటాది.”

గంగులప్ప ఉస్తాద్ మొహం చూశాడు. ఉస్తాద్ శిష్యుడి మొహం చూశాడు.

“కొండ ఏ గేర్లో ఎక్కుతాది అది?” అని అడిగాడు.

ఓబులేసుకు నవ్వొచ్చింది. తొమ్మిదేళ్ళ తర్వాత అడగాల్సిన ప్రశ్నేనా అది?

“ఫస్టులోనే ఉస్తాద్. ఏ బండైనా అంతే గదా.”

“సరే, చెయ్యి,” అన్నాడు ఉస్తాద్.

ఆ “చెయ్యి” విని ఓబులేసుకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఇన్నేళ్ళలో ఒక పని మొత్తం అతని ఒక్కడి చేతికి వదలడం అదే మొదటిసారి. ఇది నెగ్గితే “ఇంక పో” అనక తప్పదు. ఉస్తాద్ అనకపోయినా ఘాటు మీద డ్రైవర్లందరూ అంటారు.

ఆరు గేర్ల బాక్సు షెడ్డుకు వచ్చింది. ఓబులేసు దాన్ని బల్ల మీద పెట్టి, విప్పి, కిరసనాయిలుతో కడిగి, అరిగిన రెండు బేరింగులు మార్చి మళ్ళీ బిగించాడు. తర్వాత సుద్దముక్క తీసుకున్నాడు.

ఈ సుద్దముక్క సంగతి కొంచెం చెప్పాలి. గేర్‌బాక్సుకు రెండు కడ్డీలు బయటికి ఉంటాయి. ఒకటి ఇంజన్ వైపు, ఇంకోటి చక్రాల వైపు. రెండింటి మీదా సుద్దతో గీత గీసి, ఏదో ఒక గేరు వేసి, ఇంజన్ వైపు కడ్డీని చేత్తో తిప్పుతారు. చక్రాల వైపు గీత ఒక చుట్టు తిరిగి వచ్చేలోపు ఇవతలి గీత ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడతారు. చుట్లు ఎక్కువైతే ఆ గేరుకు బరువు లాగే బలం ఎక్కువ. తక్కువైతే పరుగెక్కువ. పుస్తకాలు లేని షెడ్డులో బాక్సు గుణం తెలుసుకునే పద్ధతి ఇదే. ఉస్తాద్ నేర్పిందే.

ఓబులేసు ఆరో గేరు వేసి తిప్పాడు. ఇంజన్ వైపు కడ్డీ ముక్కాలు చుట్టు తిరిగేసరికి చక్రాల వైపు గీత ఒక చుట్టు పూర్తి చేసుకుని వచ్చింది. పాత బాక్సు నాలుగో గేరులో చుట్టుకు చుట్టు. అంటే అదే వేగానికి ఇంజన్ నాలుగో వంతు తక్కువ తిరుగుతుందన్నమాట. ఓబులేసు సంతోషం పట్టలేక ఇంకో రెండు సార్లు తిప్పి చూసుకుని, సుద్దముక్క జేబులో వేసుకుని టీకి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి ఉస్తాద్ బల్ల దగ్గర నిలబడి ఆ కడ్డీనే తిప్పుతున్నాడు. ఆ రోజు నోట్లో బోల్టులు లేవు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. అడుగుల చప్పుడు విని చెయ్యి తీసేశాడు.

“బాగుందా ఉస్తాద్?”

“బాక్సు బాగుండాది.”

మూడు రోజుల్లో బాక్సు జీపులోకి ఎక్కింది. లేత్ మీద చేయించిన ప్లేటు వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది. గేరు కడ్డీ వెన్నలో కత్తి దిగినట్టు పడుతోంది. పక్క షెడ్లవాళ్ళు వచ్చి ఒక్కో గేరూ వేసి చూసి పోయారు. ఆరోది వేసేటప్పుడు ప్రతివాడూ ఓబులేసు మొహంలోకి చూసి తల ఊపాడు.

మైలేజీ పరీక్ష శనివారం పొద్దున జరిగింది. లీటరు సీసాలో కొలిచి డీజిల్ పోసి, ట్యాంకు పైపులు రెండూ పీకి ఆ సీసాకు తగిలించి, ఇంజన్ ఆగేదాకా నడిపి దూరం చూడటం మా వైపు పద్ధతి. బైపాస్ మీద ఖాళీ జీపు ఆరో గేరులో గుసగుసలాడుతూ పోయింది. ఆగిపోయేసరికి పద్నాలుగు కిలోమీటర్ల మీద కొంచెం. గంగులప్ప రోడ్డు మధ్యలో దిగి ఓబులేసు రెండు చేతులూ పట్టుకున్నాడు.

“అబ్బీ, నువ్వు టౌనులో షాపు పెట్టు. ఘాటు బండ్లన్నీ నీ వాకిట్లో నిలబెడతా.”

ఓబులేసు ఆ మాట ఉస్తాద్ చెవిలో పడాలని షెడ్డుకు రాగానే రెండు సార్లు చెప్పించాడు. ఉస్తాద్ విన్నాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

“సంత ఎప్పుడు?” అని గంగులప్పను అడిగాడు.

“సోమవారం అన్నా. ఎల్లుండి.”

“రేపు ఘాటెక్కి చూస్తాం. ఇసక నింపిన బస్తాలు తెప్పించు. ఒక్కోటి మనిషి బరువు.”

కొత్తగా బిగించిన బాక్సు మనుషుల్ని ఎక్కించే ముందు ఒకసారి బరువుతో ఘాటు ఎక్కాలి. అది ఉస్తాద్ షెడ్డులో పాత నియమం. దానికి తోకలాగా ఇంకో నియమం కూడా ఉంది. బాక్సు బిగించినవాడు స్టీరింగు పట్టకూడదు. వెనకాల చిట్టచివర, తలుపు పక్కన కూర్చోవాలి. బాక్సు కూత అక్కడికి బాగా వినపడుతుందని కొందరంటారు. బండి వెనక్కి జారితే ముందు పోయేది ఆ సీటే కాబట్టి అని ఇంకొందరంటారు. ఏది నిజమో ఉస్తాద్‌ను అడిగినవాళ్ళు లేరు. ఆయన కూడా నలభై ఏళ్ళు అలా వెనకాలే కూర్చున్నాడు.

ఆదివారం పొద్దున ఎండ ముదరకముందే బస్తాలు ఎక్కించారు. గంగులప్ప తెచ్చినవి పన్నెండు. ఉస్తాద్ పదకొండు ఎక్కించి, పన్నెండోది షెడ్డు గోడకు ఆనించమన్నాడు.

“ఒకటి తగ్గింది ఉస్తాద్,” అన్నాడు ఓబులేసు.

“నువ్వు ఎక్కేది లేదా వెనకాల?”

ఓబులేసు తల గోక్కున్నాడు. ముందు నుంచీ అనుకుంటున్న మాట అప్పుడు చెప్పాడు. గంగులప్పకు ఆరు గేర్లు ఇంకా చేతికి అలవాటు కాలేదు. మలుపులో ఏ గేరు పడాలో తడుముకుంటాడు. ఇవాళ్టికి తనే నడుపుతాడు. అసలు కారణం వేరే ఉంది. ఘాటు పొడుగునా షెడ్లవాళ్ళు, టీ కొట్లవాళ్ళు చూస్తుంటారు. ఆరు గేర్ల జీపు కొండెక్కేటప్పుడు ఓబులేసు ఇసక బస్తాల మధ్య కనిపించడమేమిటి?

ఉస్తాద్ ఆ రెండో కారణం కూడా విన్నట్టే తల ఊపాడు.

“సరే. నీ బదులు నేను కూర్చుంటా.”

“మీరెందుకు ఉస్తాద్? ఆ బస్తా వేస్తే సరిపోతాది గదా.”

ఉస్తాద్ అప్పటికే షెడ్డు లోపలికి వెళ్ళాడు. తువ్వాలులో ఏదో చుట్టుకుని వచ్చి, వెనక తలుపు తీసి, చిట్టచివర కూర్చున్నాడు. తువ్వాలు మూట ఒళ్ళో పెట్టుకున్నాడు. నీళ్ళ సీసా కాబోలని ఓబులేసు అనుకున్నాడు. గంగులప్ప ముందు సీట్లో ఎక్కాడు.

మొదటి మూడు మలుపులు హాయిగా గడిచాయి. అక్కడ ఎత్తు తక్కువ. ఓబులేసు రెండు, మూడు, మళ్ళీ రెండు వేస్తూ పోయాడు. టీ కొట్టు దగ్గర ఎవరో చెయ్యెత్తితే హారన్ కొట్టాడు. నాలుగో మలుపు దగ్గర ఇంజన్ మూలిగింది. ఫస్టు వేశాడు. ఎక్కింది గానీ పాత జీపు ఎక్కినట్టు కాదు. పాతది ఫస్టులో నడక నడిచేది. ఇది పరుగెత్తాలని చూస్తోంది. పరుగెత్తడానికి బలం చాలక ఆయాసపడుతోంది.

“ఏంది అబ్బీ, కొడతాంది?” అన్నాడు గంగులప్ప.

“కొత్త గదన్నా, సర్దుకుంటాది.”

ఐదు, ఆరు మలుపుల్లో క్లచ్ సగం నొక్కి, ఇంజన్‌ను అరిపిస్తూ నెట్టుకొచ్చాడు. కాలిన వాసన మొదలైంది. అద్దంలో చూశాడు. బస్తాల వరస చివర ఉస్తాద్ తెల్ల టోపీ కదలకుండా ఉంది. ఆపమని ఆయన అనలేదు. అని ఉంటే ఆపేసేవాడినని ఓబులేసు తర్వాత చాలామందితో చెప్పాడు.

ఏడోది ఎనుముల మలుపు. ఎనుములు, అంటే గేదెలు కూడా సగంలో నిలబడి ఊపిరి తీసుకునే చోటు కాబట్టి ఆ పేరు. లోపలివైపు బండరాయి, బయటివైపు పిట్టగోడ. ఆ పిట్టగోడ పోయిన వానల్లో రెండు బారల మేర కూలిపోయింది. దాన్ని ఇంకా కట్టలేదు.

జీపు సగం మలుపు తిరిగింది. ఇంజన్ రెండు సార్లు గట్టిగా ఊగి ఆగిపోయింది.

ఓబులేసు బ్రేకు తొక్కి, మళ్ళీ స్టార్ట్ చేసి, ఫస్టు వేసి క్లచ్ వదిలాడు. ఆగిపోయింది. ఇంకోసారి చేశాడు. ఈసారి ఇంజన్‌ను బాగా అరిపించి వదిలాడు. ఇంజన్ అరిచింది గానీ జీపు కదల్లేదు. కింద నుంచి పొగ వచ్చింది. క్లచ్ కాలిపోయింది. ఆ కంగారులో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేశాడు, ఇంజన్ కూడా ఆగిపోయింది.

ఇంజన్ ఆగితే ఆ పాత జీపు బ్రేకుకు సగం బలం పోతుంది. అప్పటికే రెండు సార్లు తొక్కి వదలడంతో మిగిలిన సగం కూడా అయిపోయింది. పెడలు బండలాగా గట్టిపడింది. హ్యాండ్ బ్రేకు లాగాడు. అది పైదాకా వచ్చింది గానీ ఎక్కడా పట్టలేదు.

జీపు వెనక్కి కదిలింది.

చాలా నెమ్మదిగా కదిలింది. ఓబులేసుకు ముందు అది తెలియనే లేదు. పక్కనున్న బండరాయి ముందుకు పోతోందేమిటా అనుకున్నాడు. తెలిశాక రెండు కాళ్ళూ బ్రేకు మీద వేసి లేచి నిలబడినంత పని చేశాడు. చక్రాలు కంకర మీద కరకరమంటూ జారుతూనే ఉన్నాయి. గంగులప్ప తలుపు తీసి దూకాడు. ఓబులేసు అద్దంలోకి చూశాడు.

తలుపు పక్కన తెల్ల టోపీ లేదు.

ఇంకో అద్దంలో కనిపించింది. ఉస్తాద్ కిందికి దిగి ఉన్నాడు. దిగి పక్కకు పోలేదు. జారి వస్తున్న చక్రం వెనక్కి వచ్చి, పనిలో కూర్చున్నట్టే గొంతుక్కూర్చున్నాడు. ఆయన వెనకాల కూలిన పిట్టగోడ. దాని వెనక గాలి తప్ప ఏమీ లేదు.

తప్పుకోమని అరవాలని కూడా ఓబులేసుకు తోచలేదు. ఆ కాసేపూ అతనికి తెలిసింది ఒక్కటే. జీపు బరువు, పదకొండు బస్తాల బరువు, తన బరువు, మొత్తం కలిసి ఆ ముసలాయన మీదికి పోతున్నాయి. తను తొక్కుతున్న పెడలు దాన్ని ఆపడం లేదు.

ధన్‌మని చప్పుడైంది. జీపు ఎగిరి పడి నిలిచిపోయింది.

గంగులప్ప పరుగెత్తుకొచ్చి దొరికిన రాళ్ళన్నీ మిగతా చక్రాల వెనక పేర్చాడు. పేర్చి ఓబులేసు దగ్గరికి వచ్చి, “దిగు అబ్బీ,” అన్నాడు. ఓబులేసు కాళ్ళు బ్రేకు మీద నుంచి రాలేదు. గంగులప్పే ఒక్కో కాలూ పట్టుకుని కిందికి దించాల్సి వచ్చింది.

వెనక్కి వెళ్ళేసరికి ఉస్తాద్ రోడ్డు పక్కన బండ మీద కూర్చుని ఉన్నాడు. టోపీ తీసి అరచేత్తో తల తుడుచుకుంటున్నాడు. ఎడమ మోచెయ్యి గీరుకుని నెత్తురు వస్తోంది. వెనక చక్రానికీ కూలిన గోడకూ మధ్య మూరెడు దూరం కూడా లేదు. ఓబులేసు ఆ మూరెడు చోటును చూస్తూ నిలబడిపోయాడు.

“క్లచ్ కాలిపోయింది ఉస్తాద్,” అన్నాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు.

“లెక్కపెట్టినావా?”

“ఏంది ఉస్తాద్?”

“చుట్లు.”

“పెట్టినా. మూడు సార్లు పెట్టినా. ముక్కాలు చుట్టే.”

“అది ఆరోది.”

ఓబులేసు ఆరోది ఒక్కటే తిప్పాడు. మిగతా ఐదూ అతని తలలోకే రాలేదు. ఫస్టు గేరంటే ఫస్టు గేరే కదా, ఏ బండికైనా ఒకటే కదా అనుకున్నాడు. నలుగురికీ చెప్పుకోవడానికి పనికొచ్చేది పైగేరు. కింది గేరు ఎన్ని చుట్లు తిరుగుతుందని ఏ డ్రైవరూ అడగలేదు.

“పాతదానికి ఫస్టు గేరు ఆరు చుట్లు,” అన్నాడు ఉస్తాద్. “ఇది నాలుగు.”

ఆయన గొంతులో కోపం లేదు. బజార్లో ధర చెప్పినట్టు చెప్పాడు. అయినా ఓబులేసుకు చెంపదెబ్బ తిన్నట్టయింది. బల్ల దగ్గర ఉస్తాద్ కడ్డీ తిప్పడం, పెదాలు కదలడం ఇప్పుడు అర్థమయ్యాయి. ఆయన పొగడలేదు. లెక్కపెట్టుకుంటున్నాడు. అంటే అప్పటి నుంచీ తెలుసు. ఇసక బస్తాలు తెమ్మన్నప్పుడు తెలుసు. టీ కొట్టు దగ్గర తను హారన్ కొడుతున్నప్పుడు కూడా తెలుసు.

గంగులప్పకు ఇదంతా అంతు పట్టలేదు. ఒకటి మాత్రం పట్టింది.

“రేపు మావాళ్ళు ఎక్కుంటే?” అన్నాడు.

కూలిన గోడ వైపు చూశాడు.

“చివర ఎవురు కూర్చుంటారు గంగులప్పా, నీ బండ్లో?” అని ఉస్తాద్ అడిగాడు.

“ఇదే అని లేదన్నా. ఎవురు ఆలస్యంగా వస్తే వాళ్ళు.”

గంగులప్ప కింది నుంచి వేరే బండి పిలుచుకొస్తానని నడుచుకుంటూ పోయాడు. ఓబులేసు చక్రం దగ్గర కూర్చుని, దాని కింద ఇరుక్కున్న రాయిని చూశాడు. ఘాటు మీద దొరికే ఎర్ర రాయి కాదు అది. నల్లగా, నున్నగా, ఒక పక్క ఏటవాలుగా చెక్కి ఉంది. పైన గ్రీజు మరకలు. దాన్ని అతను రోజూ చూస్తాడు. షెడ్డులో జాకీ పక్కన ఉంటుంది. బండి కిందికి దూరే ముందు చక్రానికి అడ్డంగా పెట్టుకునేది అదే. తొమ్మిదేళ్ళుగా తన చేత్తోనే పెడుతున్నాడు.

పక్కన రోడ్డు మీద ఉస్తాద్ తువ్వాలు పడి ఉంది. దాని మధ్యలో గుండ్రంగా గ్రీజు అంటుకుని ఉంది.

ఓబులేసు లేచి ఉస్తాద్ దగ్గరికి వచ్చాడు. ఆయన కాళ్ళ దగ్గర రోడ్డు మీదే కూలబడ్డాడు.

“జారుతాదని తెలిసే ఎక్కినావా ఉస్తాద్?”

ఉస్తాద్ మోచేతి మీద మట్టి తుడుచుకుంటున్నాడు.

“షెడ్డులోనే చెప్పుంటే విప్పేసేవాన్ని గదా. ఆ సీట్లో బస్తా ఉంటే పోయేది బస్తా. నువ్వెందుకు ఎక్కినావు?” ఈ తొమ్మిదేళ్ళలో ఉస్తాద్‌ను ‘నువ్వు’ అనడం అదే మొదలని అతను గమనించలేదు. “తెలిసి తెలిసి అక్కడెట్ల కూర్చున్నావు?”

ఉస్తాద్ శిష్యుడి మొహం చూశాడు. మూడేళ్ళ కిందట అతను అడిగినప్పుడు చూసిన చూపే అది.

“నేను తెలిసి కూర్చున్నా,” అన్నాడు. “వాళ్ళు తెలియక కూర్చుంటారు.”